చేతిని కాదు, నేలను చూడండి

అమెరికన్ ఫుట్‌బాల్ చూసే మిత్రుల నోట తరచుగా వినబడే మాట ఒకటుంది. "అది ముందుకే విసిరాడండీ, గుడ్డివాడికైనా తెలుస్తుంది. రెఫరీకి మాత్రం కనబడలేదు!" ఈ మాట విన్నప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ముందుకు అంటే దేనికి ముందుకు? విసిరినవాడికా, అందుకున్నవాడికా, లేక టీవీ కెమెరా పెట్టిన మూలకా? ఈ ప్రశ్న వేసుకోకుండానే తీర్పులను దుమ్మెత్తిపోయడం మనకు అలవాటైపోయింది. ఈ ఆటలో తప్పుపట్టవలసినది లేదని నేననను. ఉంది. కాని మనం తప్పుపడుతున్నది దానిని కాదు. దోషిని వదిలేసి, పక్కనున్న నిర్దోషిని పట్టుకొని తంతున్నామన్నది నా అభియోగం.

ఈ ఆటతో పరిచయం లేనివారి కోసం ముందుగా నాలుగు మాటలు. ప్రతి ప్రయత్నమూ ఒక గీత దగ్గర మొదలవుతుంది. దానిని స్క్రిమేజ్ గీత అంటారు. బంతి చేతిలో ఉన్న జట్టు ఆ గీతకు వెనకనుండి, ఒక్కో ప్రయత్నంలో ఒకే ఒకసారి బంతిని ముందుకు విసరవచ్చును. వెనక్కి విసరడానికి మాత్రం లెక్కలేదు. ఎవరైనా, ఎక్కడినుండైనా, ఎన్నిసార్లైనా విసరవచ్చును. ముందు పాసు ఎవరికీ అందక నేలను తాకితే ఆట అక్కడితో ఆగిపోతుంది. బంతి మళ్ళీ పాత చోటికే వస్తుంది, నష్టం ఒక్క ప్రయత్నమే. వెనక పాసు నేలను తాకితే బంతి ఇంకా బ్రతికే ఉంటుంది. ఎవరు దొరకబుచ్చుకుంటే వారిదే. కనుక ముందా, వెనకా అన్న చిన్న మాట మీద ఒక్కొక్కప్పుడు ఆట మొత్తం ఆధారపడుతుంది.

మరి ముందు, వెనక అన్నది తేలేదెలా? నియమం చాలా సూటిగా ఉంది. బంతి చేతిని విడిచిన చోటు ఒకటి. ఆ తరువాత అది మొట్టమొదట నేలనో, ఆటగాడినో, అధికారినో, మరి దేనినైనా తాకిన చోటు ఇంకొకటి. రెండవ చోటు ప్రత్యర్థి గోల్ గీతకు మరింత దగ్గరగా ఉంటే అది ముందు పాసు. లేకపోతే వెనక పాసు. గీతకు సమాంతరంగా పోయినదాన్ని కూడా వెనక పాసుగానే లెక్కిస్తారు. అంతే. విసిరినవాడు ఎటు తిరిగి ఉన్నాడు, అందుకున్నవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఎవరి మనసులో ఏముంది అన్న ప్రసక్తే లేదు.

మన ఛందస్సు తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచకూడదు. "సత్యము"లోని సకారం హ్రస్వమే. అయినా వెంటనే "త్య" వచ్చింది కనుక అది గురువు. పలికినవాడు లఘువనుకొని పలికాడా, గురువనుకొని పలికాడా అని ఏ లాక్షణికుడూ విచారించడు. తరువాత ఏమి తగిలిందన్నదే ప్రమాణం. బంతికీ అంతే. చేతిని విడిచినప్పుడు దానికి పేరు లేదు. దేనికో తగిలినప్పుడే పేరు వస్తుంది.

ఇక మన అభియోగాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది కంటి సాక్ష్యం. దీనికి అందరూ ఎత్తిచూపే ఉదాహరణ 2000 జనవరి 8న నాష్‌విల్‌లో జరిగిన ఆట. బఫలో బిల్స్ 16-15తో ముందున్నారు. 16 సెకన్లు మిగిలి ఉన్నాయి. బిల్స్ కొట్టిన కిక్‌ను టెనెస్సీ టైటన్స్ ఆటగాడు లొరెంజో నీల్ పట్టి ఫ్రాంక్ వైచెక్ చేతికిచ్చాడు. వైచెక్ దానిని మైదానానికి అడ్డంగా, ఎడమ వైపున ఉన్న కెవిన్ డైసన్‌కు విసిరాడు. డైసన్ 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. కిక్ అందుకున్న జట్టుకు ఆ ప్రయత్నంలో ముందు పాసు విసిరే హక్కు అసలే లేదు. అందుచేత ఆ పాసు వీసమెత్తు ముందుకు పోయినా టచ్‌డౌన్ చెల్లదు. అధికారులు వెనక పాసన్నారు. రెఫరీ ఫిల్ లకెట్ రీప్లే చూసి ఆ తీర్పును నిలబెట్టాడు. టైటన్స్ 22-16తో గెలిచారు, సూపర్ బౌల్ దాకా వెళ్ళారు. బిల్స్ మళ్ళీ ప్లేఆఫ్ ఆడడానికి 2017 సీజను దాకా ఆగవలసి వచ్చింది.

బఫలో అభిమానులలో ఆ మంట చాలాకాలం ఆరలేదు. వారి బాధ నాకు అర్థమవుతుంది. వారి వాదన మాత్రం నిలవదు. విసిరినదీ అందుకున్నదీ 25 గజాల గీత దరిదాపుల్లోనే. చూసేవారి దృష్టి ఆటగాళ్ళ పాదాల మీదికీ నడుముల మీదికీ పోతుంది. నియమం చూసేది బంతిని. చెయ్యి చాచి విసిరినవాడి బంతి వాడి పాదాలకన్న ముందుంటుంది. వంగి అందుకున్నవాడి బంతి వాడి దేహానికి ఏ పక్కనైనా ఉండవచ్చును. పైగా టీవీ కెమెరా సరిగ్గా గీతకు తిన్నగా ఉండదు. ఏటవాలుగా చూసినప్పుడు అడ్డంగా పోయే బంతి ముందుకు పోతున్నట్లు గానీ, వెనక్కి పోతున్నట్లు గానీ కనబడుతుంది. రైలు కిటికీలోంచి దూరపు తాటిచెట్లు మనతో కలిసి పరుగెడుతున్నట్లు కనబడతాయి. చెట్లు నడుస్తున్నాయని మనమెవరమూ సాక్ష్యం చెప్పం కదా!

రెండవది భౌతికశాస్త్రాన్ని అడ్డుపెట్టుకొన్న అభియోగం. ఇది చదువుకున్నవారు చేసేది కనుక కాస్త గౌరవంగా సమాధానం చెప్పాలి. వారి వాదన ఇది. సెకనుకు 7 మీటర్ల వేగంతో పరుగెత్తేవాడు తన లెక్కన సెకనుకు 3 మీటర్ల వేగంతో వెనక్కి విసిరాడనుకుందాం. వాడి పరుగు వేగం బంతికీ సంక్రమించి ఉంటుంది కనుక నేల లెక్కన అది సెకనుకు 4 మీటర్ల చొప్పున ముందుకే పోతుంది. వాడు నిజాయితీగా వెనక్కే విసిరాడు. అమెరికన్ నియమం వాణ్ణి తప్పుపడుతుంది. రగ్బీ మాత్రం విసిరే చేతుల కదలికను చూడమంటుంది. గెలీలియో ఓడ ఉదాహరణతో ఎప్పుడో చెప్పిన సంగతిని రగ్బీవారు గ్రహించారు, వీరు గ్రహించలేదు!

లెక్క సరైనదే. దానినుండి తీసిన నిర్ణయమే తప్పు. సమవేగంతో కదిలే చట్రాలలో ఏ ఒక్కటీ మరొకదానికన్న గొప్పది కాదన్నదే గెలీలియో పాఠం. అంటే నేలను ఎంచుకున్నవాడూ తప్పు చెయ్యలేదు, చేతిని ఎంచుకున్నవాడూ తప్పు చెయ్యలేదు. ఏది ఎంచుకోవాలన్నది భౌతికశాస్త్రం చెప్పదు. అది న్యాయశాస్త్రం చెప్పవలసిన మాట. తీర్పు చెప్పేవాడు దేనిని చూడగలడు? తీర్పుకు లోబడేవాడు దేనిని ముందే తెలుసుకోగలడు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికే చట్రమే ఆటకు మంచి చట్రం.

ఇప్పుడు మైదానం చూడండి. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానమంతా గీతలే. 5 గజాలకొక నిండు గీత, ఆ మధ్యలో గజానికొక చిన్న గుర్తు. నేలంతా పరచిన గజంబద్ద అది. రగ్బీ మైదానంలో అన్ని గీతలు లేవు. ఉన్న కొద్దిపాటి గీతలూ దూరదూరంగా ఉంటాయి. కనుక వారు చేతులను చూడమనడంలో వారి న్యాయం వారికుంది. ఎవరి నేలకు తగిన నియమం వారిది. చేతులను చూసినంత మాత్రాన తగాదాలు పోతాయా అంటే అదీ లేదు. 2007 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో, కార్డిఫ్‌లో, ఫ్రాన్స్ ఆటగాడు ట్రాయ్ మిషలాక్‌కు విసిరిన పాసు గురించి న్యూజీలాండ్‌వారిని కదిపి చూడండి. ఆ ఆటలో ఫ్రాన్స్ 20-18తో గెలిచింది. చేతులను చూసినా అది ముందు పాసేనంటారు వారు. రెఫరీ చూడలేకపోయినదాన్ని ఏ చట్రమూ చూపించలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలోనే దీనికి నిదర్శనముంది. 1905 సీజనులో మైదానంలో ప్రాణాలు పోవడం, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ జోక్యం చేసుకోవడం, ఆ మీదట 1906లో ముందు పాసును చట్టబద్ధం చెయ్యడం చాలామంది విన్నదే. ఆ తొలి నియమం ప్రకారం ముందు పాసు, ఆట మొదలైన చోటికి కుడివైపునో ఎడమవైపునో కనీసం 5 గజాల అవతల గీత దాటాలి. అది తేల్చేదెలా? అడ్డగీతలకు తోడు నిలువుగీతలు కూడా ఉండేవి, మైదానం చదరంగపు బల్లలాగా ఉండేది. 1910లో ఆ నిబంధన పోయింది, నిలువుగీతలూ పోయాయి. నియమమూ గీతా జంటగా బ్రతికాయి, జంటగా పోయాయి.

ఇంకొక నిదర్శనం. విసిరేవాడు స్క్రిమేజ్ గీతకు కనీసం 5 గజాల వెనకనుండి విసరాలని ఒకప్పటి నియమం. 1932 డిసెంబరు 18న చలికీ మంచుకూ జడిసి చికాగో స్టేడియం కప్పు కింద ఆడిన నిర్ణాయక ఆటలో బ్రాంకో నగుర్‌స్కీ, రెడ్ గ్రేంజ్‌కు విసిరి టచ్‌డౌన్ సాధించాడు. అతను 5 గజాలు వెనక లేడని పోర్ట్స్‌మత్ స్పార్టన్స్ మొత్తుకున్నారు. చికాగో బేర్స్ 9-0తో గెలిచారు. 1933లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆ 5 గజాల షరతునే ఎత్తివేసింది. గీతకు వెనక ఎక్కడనుండైనా విసరవచ్చునన్నది. ప్రయత్నం మొదలైన గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. దానికి 5 గజాల వెనక ఎక్కడో ఉన్న ఊహాగీతను పరుగెత్తేవాడి కాలికింద చూడడం ఎవరి తరం?

మూడవది ఉద్దేశ్యం. "వాడు విసరాలనుకోలేదండీ, జారిపోయింది" అనో, "విసరబోయాడు, అది పాసే" అనో వాదించడం. ఉద్దేశ్యాన్ని నియమంలోకి తెస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే టక్ నియమం కథ చాలు. 1999లో వచ్చిన ఆ నియమం ప్రకారం, విసరడానికి చెయ్యి ఒకసారి ముందుకు కదిలిందంటే, ఆ తరువాత మనసు మార్చుకొని బంతిని ఒంటికి హత్తుకోబోతుండగా జారిపోయినా అది ముందు పాసే. 2002 జనవరి 19న బోస్టన్ దగ్గర ఫాక్స్‌బరోలో, కురిసే మంచులో, ఓక్లండ్ రైడర్స్ 13-10తో ముందుండగా చార్ల్స్ వుడ్సన్ వచ్చి టామ్ బ్రేడీని ఢీకొట్టాడు. బంతి జారింది, రైడర్స్‌కు దొరికింది. ఫంబుల్ అన్నారు. రెఫరీ వాల్ట్ కోల్మన్ రీప్లే చూసి ముందు పాసన్నాడు. పేట్రియట్స్ అదే దారిలో 45 గజాల ఫీల్డ్ గోల్‌తో సమం చేసి, అదనపు సమయంలో 16-13తో గెలిచారు. ఆ ఏడు సూపర్ బౌల్ కూడా వారిదే.

కోల్మన్‌ను తిట్టినవారు ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు. ఇది అన్యాయం. అతను నియమాన్ని ఉన్నది ఉన్నట్లు చదివాడు. తప్పు నియమానిది. కదిలిన చేతికి ఒక ఉద్దేశ్యాన్ని అంటగట్టి, ఆ ఉద్దేశ్యం తీరిపోయిన తరువాత కూడా దానికి విలువ కట్టిన నియమమది. 2013లో దానిని రద్దు చేశారు. ఇప్పటికీ పాసా, ఫంబులా అన్నది తేల్చడానికి చేతి కదలికను చూడక తప్పదు, నిజమే. అందుకే అక్కడ తగాదాలు ఎక్కువ. ముందు, వెనక అన్న నియమానికి ఆ తెగులు లేదు. దానికి ఎక్కించాలని చూడకండి.

నాలుగవది యంత్రం. "బంతిలో చిప్ పెడితే సరిపోతుంది కదా" అన్నది మనలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారందరి తొలిపలుకు. చిప్‌లు ఉన్నాయి. బంతిలోనూ ఉన్నాయి, ఆటగాళ్ళ భుజకవచాలలోనూ ఉన్నాయి. 2025 సీజనులో పది గజాలు పూర్తయ్యాయా లేదా అని కొలవడానికి ఇనుప గొలుసుకు బదులు హాక్-ఐ కెమెరాలను కూడా వాడారు. కాని బంతిని ఎక్కడ పెట్టి కొలవాలో నిర్ణయించినది మనిషే. పాసు సంగతీ అంతే. బంతి ఏ క్షణంలో ఎక్కడుందో చిప్ చెప్పగలదు. వేలికొస నుండి ఏ క్షణంలో విడివడింది? మొదట దేనిని తాకింది? ఇవి తేలాలి. వీటిని తేల్చడంలో యంత్రం సాయపడిన నాడు సంతోషమే. అప్పుడు కూడా అది కొలిచేది నేల మీదనే. అంటే నియమం ఇలాగే ఉండాలనడానికి అదొక అదనపు కారణం అవుతుంది.

ఇక అసలు దోషి దగ్గరికి వద్దాం. నా దృష్టిలో దోషులు రెండు. తొందరపడే ఈల ఒకటి. మొదటి తీర్పుకు దాసోహమనే పునఃపరిశీలన రెండవది.

ఈల సంగతి. స్క్రిమేజ్ గీతకు రెండు కొసలా ఇద్దరు అధికారులుంటారు. పాసు వెనక్కి పోయిందనుకుంటే వారు చెయ్యి వెనక్కి చాచి సంజ్ఞ చేస్తారు. అంటే "బంతి బ్రతికే ఉంది, ఆడండి" అని. ఆట సాగితే, తరువాత రీప్లేలో అది ముందు పాసని తేలినా నష్టం లేదు. జరిగినదంతా కొట్టివేసి బంతిని పాత చోటికి తెస్తారు. ముందు పాసని తొందరపడి ఆట ఆపేస్తే మాత్రం జరగనిదానిని ఏ రీప్లే జరిపించగలదు? 2025 డిసెంబరు 18న సియాటిల్‌లో ఇదే చూశాం. లాస్ ఏంజెలిస్ రామ్స్‌తో ఆటలో సీహాక్స్ రెండు పాయింట్ల ప్రయత్నం చేశారు. శామ్ డార్నొల్డ్ పక్కకు విసిరిన బంతి జారెడ్ వెర్స్ శిరస్త్రాణానికి తగిలి, ఎగిరి ఎండ్ జోన్‌లో పడింది. అసంపూర్ణ పాసన్నారు. అందరూ ఆట ముగిసిందనుకున్నారు. జాక్ షార్బొనే తీరిగ్గా వెళ్ళి బంతిని తీశాడు. రీప్లేలో అది వెనక పాసని తేలింది. రెండు పాయింట్లు ఇచ్చారు, స్కోరు 30-30 అయింది. అదనపు సమయంలో సీహాక్స్ 38-37తో గెలిచారు.

బంతి ఎగిరి ముందుకు పడింది కదా, వెనక పాసెలా అవుతుందని నాడు చాలామంది విస్తుపోయారు. తగిలిన మొదటి చోటే ప్రమాణమని పైన చెప్పుకున్నాం. శిరస్త్రాణానికి తగిలిన తరువాత అది ఎటు పోయినా పాసు పేరు మారదు. ఆ తీర్పు నియమం ప్రకారం సరైనదే. అయినా రామ్స్ అభిమానుల గోడులో ఒక న్యాయముంది. అందరూ ఆగిపోయిన మైదానంలో ఒక్కడు బంతి ఏరుకోవడం పోటీ కాదు. మొదటే "ఆడండి" అని ఉంటే వారూ బంతి కోసం ఉరికేవారు. తప్పు నిర్వచనంలో లేదు, మొదట ఆట ఆపడంలో ఉంది.

రెండవ దోషి ఇంకా పెద్దది. క్రికెట్‌లో "అంపైర్స్ కాల్" అన్నది మనందరికీ తెలుసు. ఒకే బంతి, ఒకే బొమ్మ. అంపైరు ఔటన్నాడా, ఔటు. కాదన్నాడా, కాదు. ఇక్కడా అదే తంతు. మొదటి తీర్పును మార్చాలంటే స్పష్టమైన దృశ్యసాక్ష్యం కావాలి. అది లేకపోతే మొదట ఏది అన్నారో అదే నిలుస్తుంది. నాష్‌విల్ పాసు విషయంలో అధికారి ముందు పాసని జెండా వేసి ఉంటే? అదే రీప్లే, అదే మసక. అప్పుడు ఆ తీర్పునూ అదే న్యాయంతో నిలబెట్టి ఉండేవారని నా నమ్మకం. ఒక నగరపు సంతోషమూ ఇంకొక నగరపు దుఃఖమూ నియమం మీద కాక, ఒకడి మొదటి ఊహ మీద ఆధారపడ్డాయి. తిట్టవలసినది దీనిని.

మందు ఈ ఆటలోనే ఉంది. కళాశాలల ఆట నియమావళిలో ఒక వాక్యముంది. సందేహమున్నప్పుడు, స్క్రిమేజ్ గీత దగ్గర గానీ దానికి వెనక గానీ విసిరిన పాసును ముందు పాసుగానే ఎంచాలని దాని భావం. గీత దాటినచోట ఆ వాక్యం వర్తించదు. ఇందులో ఎంత న్యాయముందో గమనించండి. గీతకు వెనక, ముందు పాసంటే విసిరినవారికి తక్కువ శిక్ష, ఒక ప్రయత్నం మాత్రమే పోతుంది. గీత దాటినచోట ముందు పాసంటే అది నేరం, జరిమానా ఉంది. అక్కడ సందేహం మీద నేరం మోపమని ఆ వాక్యం చెప్పడం లేదు. సందేహఫలం తక్కువ శిక్ష వైపు మొగ్గాలన్న పాత న్యాయసూత్రాన్ని ఒక ఆట నియమంలో ఇంత క్లుప్తంగా చెప్పడం ముచ్చటైన సంగతి.

ఈ సూత్రాన్ని పునఃపరిశీలనకు ప్రమాణం చెయ్యండంటాను. మైదానంలో సందేహమున్నంతసేపూ ఆట సాగనివ్వండి. రీప్లే గదిలో మొదటి తీర్పేమిటని అడగకండి. బంతి విడివడిన చోటూ తగిలిన చోటూ చూడండి. తేలితే తేలినట్లు చెప్పండి. తేలకపోతే సందేహాన్ని నియమం చెప్పిన వైపుకు వదలండి, అధికారి ఊహ వైపుకు కాదు. దీనివల్ల రక్షణ జట్టుకు కొన్నిసార్లు న్యాయంగా దక్కవలసిన బంతి దక్కకపోవచ్చునని ఒప్పుకుంటాను. ఆ నష్టం మాత్రం రెండు జట్లకూ ముందే తెలిసినది, రెండు జట్లకూ సమానమైనది. ఒకడి మొదటి ఊహ వల్ల కలిగే నష్టం అలాంటిది కాదు.

కనుక ఈసారి టీవీ ముందు కూర్చొని "గుడ్డి రెఫరీ" అనబోయేముందు ఒక్క క్షణం ఆగండి. బంతి చేతిని ఎక్కడ విడిచింది? మొదట దేనిని, ఎక్కడ తాకింది? ఈ రెండూ చూడకుండా నోరు చేసుకోవడం తగదు. చూసిన తరువాత కూడా కోపం తగ్గకపోతే ఆ కోపాన్ని నేలను కొలిచే నియమం మీద కాక, ఈల మీదా, మొదటి ఊహకు పట్టం కట్టే పద్ధతి మీదా చూపించండి. నాతో విభేదించేవారికి స్వాగతం. వచ్చేటప్పుడు ఆవేశంతో పాటు ఒక గజంబద్ద కూడా వెంట తెచ్చుకోండి.